పక్కింటాయన రూపంలో పరలోకవాసి
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం అయింది. కవి సమ్మేళనం కాబోతున్నది. ఈ రెంటి మధ్య దొరికిన అరగంటలో సినిమాను గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గంవారు నన్ను ఆదేశించారు. ఏ సినిమా అని వారు అడగలేదు గనుక నేను కొంత స్వాతంత్ర్యం తీసుకుంటున్నాను. పెద్దలు చిన్నచూపు చూసే జాతి బొమ్మలు కొన్ని ఉన్నవి. ఆకాశంలోనుంచి ఒక పళ్ళెం దిగుతుంది. అందులోనుంచి వచ్చినవాడు మన పక్కింటాయన రూపం ధరించి, ఆయన చొక్కా తొడుక్కుని, ఆయన కుర్చీలో కూర్చుని, ఆయన భార్యను కాఫీ అడుగుతాడు. కథ అంతే. పెట్టుబడి స్వల్పం, నటులు పేరులేనివారు, రాకెట్టు అట్టతో చేసినది. 1950 తరువాత పదేళ్ళపాటు అమెరికాలో ఇవి పుట్టగొడుగుల్లా వచ్చినవి. వాటికీ మన ఇంటి కథలకూ ఒక చుట్టరికం ఉన్నది. ఊరు విడిచి వచ్చి మరొకరి ఊళ్ళో బ్రతుకుతున్న మనవంటివారికి ఆ చుట్టరికం తెలియవలసినదే అని నా నమ్మకం.

ముందు డబ్బు సంగతి చూద్దాం. భూతాన్ని తెరమీద చూపించాలంటే ఖర్చు. తక్కువ ఖర్చులో చూపిస్తే నవ్వులపాలు. 1956లో రోజర్ కార్మన్ అనే ఆయన ‘ఇట్ కాంకర్డ్ ది వరల్డ్’ అని ఒక బొమ్మ తీశారు. శుక్రగ్రహంనుంచి లోకాన్ని జయించటానికి వచ్చిన ఆ జీవిని చూసినవారు నేటికీ కోరలు మొలిచిన దోసకాయ అనే చెప్పుకుంటారు. మనిషికి భూతం వేషం వెయ్యాలంటే రబ్బరు కావాలి, రంగు కావాలి, తీగలు కావాలి. భూతానికి మనిషి వేషం వెయ్యాలంటే ఏమీ అక్కరలేదు. అదే నటుడు, అదే చొక్కా, అదే ఇల్లు. కొంచెం చూపు మారితే చాలు. చేతిలో డబ్బులేని నిర్మాతలకు ఇంతకన్న చవకైన మంత్రం దొరకదు గదా! ఆ చవకతనంలోనుంచే కొన్ని మంచి బొమ్మలు పుట్టినవి.

వాటిలో మొదట చెప్పదగినది 1956లోనే వచ్చిన ‘ఇన్వేషన్ ఆఫ్ ది బాడీ స్నాచర్స్’. జాక్ ఫిన్నీ నవల ఆధారంగా డాన్ సీగెల్ దర్శకత్వం వహించారు. సుమారు నాలుగు లక్షల డాలర్లలో, కొద్ది వారాల్లో చిత్రీకరణ ముగించారు. హాలీవుడ్‌లో అది చాలా చిన్న మొత్తం. కథ జరిగేది కాలిఫోర్నియాలోని ఒక చిన్న ఊళ్ళో. అక్కడి డాక్టరుగారి దగ్గరకు ఒక్కొక్కరే వచ్చి విచిత్రమైన ఫిర్యాదు చేస్తారు. మా అమ్మ మా అమ్మ కాదని ఒక పిల్లవాడు ఏడుస్తాడు. మా మామయ్య మామయ్యలాగే ఉన్నాడు, పాత సంగతులన్నీ జ్ఞాపకమున్నవి, అయినా ఆయన కాదు, కళ్ళలో ఉండే ఆ వెలుగు లేదని ఒక యువతి చెబుతుంది. మరునాడు వీరే మళ్ళీ వచ్చి, అబ్బే ఏమీ లేదండీ, అంతా మా భ్రమ, ఇప్పుడు కులాసాగా ఉన్నాం అంటారు. భయపడవలసింది అక్కడే! పెద్ద పెద్ద కాయల్లో మనుషుల నకళ్ళు పెరుగుతున్నవి. మనిషి నిద్రపోగానే కాయలోనిది వాడి స్థానంలోకి వస్తుంది. ముఖం, గొంతు, జ్ఞాపకాలు అన్నీ వస్తవి. ప్రేమ, దుఃఖం మాత్రం రావు.

సీగెల్ తన బొమ్మను నిరాశతో ముగించదలచారు. డాక్టరు రహదారి మీద పిచ్చివాడిలా కార్లకు అడ్డుపడి హెచ్చరిస్తుంటాడు, ఎవరూ వినరు. స్టూడియోవారు ఒప్పుకోక, ముందొకటి వెనకొకటి దృశ్యాలు తగిలించి, ప్రభుత్వానికి కబురు అందినట్లు చూపించారు. మన నిర్మాతలే ముగింపులు మార్పిస్తారని అనుకోవద్దు.

ఇది కమ్యూనిస్టులను గురించి తీసిన బొమ్మ అని కొందరన్నారు. కాదు, కమ్యూనిస్టులని పేరుపెట్టి పొరుగువాళ్ళను పట్టించిన సెనేటర్ జోసెఫ్ మెకార్తీ కాలాన్ని గురించినదని మరికొందరన్నారు. అందులో డాక్టరు వేషం వేసిన నటుని పేరు కూడా కెవిన్ మెకార్తీ కావటం ఒక చమత్కారం. ఏ పక్షంవారి మాట నిజమైనా భయం మాత్రం ఒకటే: పక్కింటివాడు మనవాడిలాగే ఉన్నాడు, మనవాడు కాదేమో!

1953లో వచ్చిన ‘ఇన్వేడర్స్ ఫ్రమ్ మార్స్’లో ఒక పిల్లవాడు తన తండ్రి మెడ వెనుక చిన్న గుర్తు చూసి వణికిపోతాడు. 1958లో వచ్చిన ‘ఐ మ్యారీడ్ ఎ మాన్‌స్టర్ ఫ్రమ్ ఔటర్ స్పేస్’ దీనికన్న ముందుకు పోయింది. పేరు విని నవ్వకండి. బొమ్మ ఆ పేరుకన్న మంచిది. జీన్ ఫౌలర్ దర్శకులు. పెళ్ళికి ముందురాత్రి వరుడి రూపం మరొకడు ఎత్తుకుపోతాడు. పెళ్ళయి ఏడాది గడిచినా ఆ ఇల్లాలికి తాను ఎవరితో కాపురం చేస్తున్నదో తెలియదు. కుక్కపిల్ల ఆయన్ని చూస్తే మొరుగుతుంది. ఒకసారి మెరుపు మెరిసినప్పుడు ఆ ముఖం వెనుక ఉన్న ముఖం ప్రేక్షకులకు కనిపిస్తుంది. ఆ గ్రహంవాళ్ళ ఆడవారంతా చనిపోయారు, సంతానం కోసం ఇక్కడికి వచ్చారు. అయితే ఊళ్ళో అసలైన మగవాడెవడో తేల్చటం ఎట్లా? డాక్టరుగారు ఒక ఉపాయం కనిపెడతారు. ఈమధ్యనే బిడ్డలకు తండ్రులైనవాళ్ళను పోగుచేసి పోరాటానికి తీసుకువెళతారు. తండ్రి అయినవాడు తప్పక మనిషే గదా! ఆ బొమ్మలో అన్నిటికన్న పెద్ద భయం ఇదే. పరాయివాడికి మన ఇంట బిడ్డ పుడితే ఏమి కావాలి?

ఈ మాట ఇక్కడ ఆపి, మీరు పాఠశాలల్లో చదివినదో ఇంట్లో విన్నదో ఒక కథ జ్ఞాపకం చేస్తాను.

హిమాలయాల్లో ప్రవరుణ్ణి చూసి వరూధిని మోహించింది. ఆయన ససేమిరా అని, అగ్నిదేవుణ్ణి ప్రార్థించి ఇంటికి వెళ్ళిపోయాడు. అంతకుముందు ఆమె చేత తిరస్కారం పొందిన ఒక గంధర్వుడు ఇది కనిపెట్టి, ప్రవరుడి రూపంతో ఆమె ముందుకు వచ్చాడు. కలిసి ఉన్న సమయంలో కళ్ళు మూసుకోవాలని షరతు పెట్టాడు. మాయ ఎక్కడ బయటపడుతుందోనని అతని జాగ్రత్త! పరలోకవాసి మనిషి రూపంతో వచ్చి ఒక స్త్రీని మోసం చేశాడు. ఐదువందల ఏళ్ళక్రితం అల్లసాని పెద్దనగారు, కృష్ణదేవరాయల ఆస్థానంలో, నేటి కర్ణాటకలోనే ఉన్న విజయనగరంలో కూర్చుని చెప్పిన మనుచరిత్ర ఇది. గంధర్వుడు నిజం చెప్పకుండానే వెళ్ళిపోతాడు. అయితే ఆ మోసంలో పుట్టిన బిడ్డ ఏమయ్యాడు? వాడు స్వరోచి. వాడి కొడుకు స్వారోచిష మనువు. మానవులకు మూలపురుషులని మనం చెప్పుకునే మనువుల్లో ఒకాయన ఒక వేషధారికి మనుమడన్నమాట! అమెరికావారు గుండెలు బాదుకున్నచోట పెద్దనగారు ప్రబంధానికి పేరు పెట్టుకున్నారు.

నేను మోసాన్ని మెచ్చుకోవటం లేదు సుమండీ. వరూధినికి జరిగినది అన్యాయమే. పరాయి రక్తం కలిసినంతమాత్రాన వంశం భూతమైపోతుందని మన కవి అనుకోలేదని మాత్రం మనవి చేస్తున్నాను.

ఇంకొక కథ చూడండి. దమయంతీ స్వయంవరానికి ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుగురూ నలుడి రూపం ధరించి వచ్చి కూర్చున్నారు. సభలో ఐదుగురు నలులు. పూలదండ పట్టుకుని ఆ పిల్ల ఏం చెయ్యాలి? దేవతలనే వేడుకున్నది. వారు కరుణించి తమ గుర్తులు చూపించారు. నలుగురికి రెప్ప పడలేదు, చెమట పట్టలేదు, మెడలో దండ వాడలేదు, పాదం నేలను తాకలేదు. ఐదవవాడికి నీడ పడింది, దండ వాడింది, ఒంటి మీద దుమ్ము, చెమట ఉన్నవి. ఆమె వాడి మెడలోనే దండ వేసింది. భారతంలోని ఈ ఘట్టాన్ని శ్రీనాథుడు శృంగారనైషధంలో తెలుగువారికి విందు చేశాడు. ఆకాశంనుంచి దిగినవాణ్ణి గుర్తుపట్టే పరీక్ష హాలీవుడ్‌వారికన్న ఎంతో ముందే మన దగ్గర ఉన్నది. మనిషి గుర్తు చెమట, దుమ్ము, అలసట. సాయంత్రం ఆరుగంటలకు మారతహళ్ళి వంతెన దగ్గర బస్సు కోసం నిలబడినవాడెవడూ ఈ పరీక్షలో తప్పడు.

ఇక తెరమీదకు వద్దాం. గ్రహాంతరవాసులు మనుషుల వేషంలో తిరిగే బొమ్మలు తెలుగులో పెద్దగా రాలేదనే చెప్పాలి. దానికి కారణం ఉంది. ఆ పని మన రాక్షసులు, మాంత్రికులు ముందే చేసి పెట్టారు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించి పెళ్ళివారింటికి వస్తాడు. వ్యాసభారతంలో లేని ఈ కథను మన జానపదులూ నాటకాలవారూ పెంచి పెద్దచేశారు. విజయావారు దానికి పెట్టిన ఖర్చు తక్కువేమీ కాదు. కాని ఈ ఒక్క మాయకు మాత్రం ఖర్చు శూన్యం. సావిత్రిగారు ఎస్.వి. రంగారావుగారి నడకను, చూపును, గద తిప్పే చేతి విసురును తనలోకి తీసుకున్నారు. పట్టుచీర అదే, జడ అదే, లోపల రాక్షసుడు. ఇంట్లోవారెవరికీ తెలియదు. హాల్లో కూర్చున్న మనకందరికీ తెలుసు!

ఈ తేడాను కొంచెం గమనించండి. అమెరికా బొమ్మలో మాయను కనిపెట్టినవాడు ఒంటరి. వాడి మాట ఊరు వినదు. ప్రేక్షకుడు కూడా వాడితోపాటు ప్రతి ముఖాన్నీ అనుమానంగా చూస్తూ ఇంటికి వెళతాడు. మన బొమ్మలో రహస్యం ముందే మన చెవిలో చెబుతారు. మనం వేషధారి పక్షాన ఉండి, మోసపోయేవాణ్ణి చూసి నవ్వుతాం. అక్కడ మాయమనిషిలో ఏదో తక్కువవుతుంది, వెలుగు ఆరిపోతుంది. ఇక్కడ ఏదో ఎక్కువవుతుంది. శశిరేఖ శరీరంలో ఘటోత్కచుడు ఇమడక పొంగిపోతుంటాడు. ఆ ఒక్క పొంగులోనుంచి అంత హాస్యం పుట్టింది.

చవకగా తీసే విద్యలో మనవారి గురువు బి. విఠలాచార్యగారు. వారు 1920లో ఉడిపిలో పుట్టారు. కన్నడ చిత్రాలతో మొదలుపెట్టి, మద్రాసు చేరి, తెలుగు జానపదాలతో స్థిరపడ్డారు. ‘బందిపోటు’, ‘అగ్గిపిడుగు’, ‘గండికోట రహస్యం’, ‘జగన్మోహిని’ వంటివి మన ముందుతరం నేల టిక్కెట్టు కొనుక్కుని చూసినవే. ఒకే పోలికగల ఇద్దరు, ఒకరి చోట మరొకరు, చిటికె వేస్తే మనిషి జంతువుగా మారటం — ఇదీ వారి సరుకు. కెమెరా ఆపి, మనిషిని తప్పించి, అక్కడ మేకను నిలబెట్టి మళ్ళీ తిప్పితే చాలు. హీరో కాల్షీట్లు ఇవ్వకుండా బిగుసుకుంటే, మునిశాపం పెట్టి ఆయన్ని చిలకగానో మేకగానో మార్చి షూటింగు సాగించేవారని సినిమావారు హాస్యంగా చెప్పుకునేవారు. నిజమో కల్పనో గాని, ఆ పద్ధతికి తగిన మాటే. ఉడిపినుంచి వచ్చిన ఒక మనిషి తెలుగువాళ్ళ పల్లెటూరి ఊహను మనకన్న బాగా పట్టుకున్నాడు. ఆయన తెలుగువాడా కాదా అని హాల్లో ఎవరూ అడగలేదు. జానపద బ్రహ్మ అని బిరుదు ఇచ్చి ఊరుకున్నారు.

మన దేశంలో గ్రహాంతరవాసులను చూపించిన తొలి చిత్రాల్లో ఒకటి 1963లో తమిళంలో వచ్చిన ‘కలై అరసి’. ఎం.జి.ఆర్. నాయకుడు, మన భానుమతిగారు నాయిక. మరో గ్రహంలో సంగీతం లేదట. నేర్పేవారు కావాలని అక్కడివారు దిగివచ్చి, బాగా పాడే అమ్మాయిని ఎత్తుకుపోతారు. భానుమతిగారిని ఎత్తుకుపోయారంటే వారి సంగీతాభిరుచిని తప్పు పట్టలేం. ఆమెను తీసుకురావటానికి వెళ్ళిన నాయకుడు అక్కడ తన పోలికే ఉన్న విదూషకుడి స్థానంలో చేరిపోతాడు. అంటే మనిషే గ్రహాంతరవాసి వేషం కట్టాడు! పరాయిచోట బ్రతకటానికి వేషం వెయ్యవలసినవాడు మనవాడే అయినాడు. ఆ బొమ్మలో రాకెట్టు చూసి నవ్వుకోవచ్చు గాని, ఈ ఒక్క మలుపును నేను ఎంతో విలువైనదిగా ఎంచుతాను.

ఎందుకంటే ఆ వేషం మనకు తెలుసు. ఇక్కడ ఆటోవానితో, కూరలమ్మే ఆమెతో నేర్చుకున్న కన్నడం మాట్లాడి, రెండో వాక్యంలో దొరికిపోయి, ‘నీవు ఆంధ్రదవరా’ అనిపించుకోనివారు ఈ సభలో ఎందరున్నారు? అందులో తిట్టు లేదు. చాలాసార్లు నవ్వే ఉంటుంది. నవ్వు లేని రోజులు కూడా అప్పుడప్పుడు వస్తవి. వచ్చినవాళ్ళు ఎక్కువయ్యారు, అద్దెలు పెరిగినవి, మా ఊరు మా ఊరులా లేదు అని ఇక్కడివారు అనుకున్నప్పుడు, వారి తెరమీద ఆ మాయమనిషి మనమే. ఇంగ్లీషులో పరదేశికీ గ్రహాంతరవాసికీ మాట ఒకటే. అమెరికా వెళ్ళిన మన పిల్లలు అక్కడి పన్ను కాగితాల్లో ‘నాన్‌రెసిడెంట్ ఏలియన్’ అని చదువుకుని ఇంటికి ఫోను చేసి నవ్వుతుంటారు గదా!

అయితే ఈ అనుమానం మన ఇళ్ళలో కూడా ఉన్నది. సంక్రాంతికి ఊరు తీసుకువెళ్ళిన మనవడు అన్నీ సగం కన్నడంలో, సగం ఇంగ్లీషులో అడుగుతుంటే, వీడు మా అబ్బాయి కొడుకేనా అని నాయనమ్మ తెల్లబోతుంది. ముఖం తాతగారిదే, లోపల ఎవరో! 1923లో కాప్‌గ్రా అనే ఫ్రెంచి వైద్యుడు సరిగ్గా ఇటువంటి భ్రమను ఒక జబ్బుగా వర్ణించాడు. తన భర్తను, పిల్లలను ఎవరో ఎత్తుకుపోయి, వారి స్థానంలో అచ్చం వారివంటివారిని పెట్టారని ఒక స్త్రీ నమ్మింది. తమిళదేశంలో పుట్టి కాలిఫోర్నియాలో పరిశోధన చేసిన డాక్టర్ వి.ఎస్. రామచంద్రన్‌గారు దీనికి ఒక కారణం సూచించారు. ముఖాన్ని గుర్తుపట్టే భాగం మెదడులో బాగానే ఉంటుంది. దానినుంచి ఆప్యాయత పుట్టే భాగానికి పోయే దారి తెగిపోతుంది. అమ్మ ముఖం కనిపిస్తుంది, అమ్మను చూసిన వెచ్చదనం కలగదు. కలగలేదు గనుక ఈమె అమ్మ కాదని మనసు తీర్మానిస్తుంది. వారు చూసిన ఒక రోగి ఎదుట ఉన్న తల్లిని కాదనేవాడు, ఆమె ఫోనులో మాట్లాడితే మాత్రం అమ్మే అనేవాడు. చెవిదారి తెగలేదన్నమాట.

సీగెల్ బొమ్మలో ఆ యువతి చెప్పినది కూడా ఇదే, వెలుగు లేదన్నది. బొమ్మ ఆమె మాటను నిజం చేసింది, లోపమంతా మామయ్యలోనే ఉన్నదన్నది. వైద్యులు లోపం చూసేవారిలో ఉండవచ్చునన్నారు. నాకు వైద్యుల మాటే ఎక్కువ భయంగా తోస్తుంది, ఎక్కువ ఆశగా కూడా తోస్తుంది.

ఈ జాతి బొమ్మల్లో వేషధారి పక్షాన నిలిచినవి కొన్ని ఉన్నవి. 1953లో ‘ఇట్ కేమ్ ఫ్రమ్ ఔటర్ స్పేస్’లో ఎడారిలో దిగినవారు ఊరివాళ్ళ రూపాలు అరువు తెచ్చుకున్నది తమ ఓడ బాగుచేసుకుని ఇంటికి పోవటానికే. అసలు రూపం చూస్తే మీరు భరించలేరని వారి భయం. మూల కథ రే బ్రాడ్‌బరీగారిది.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. 1984లో జాన్ సేల్స్ అనే ఆయన, సుమారు మూడున్నర లక్షల డాలర్లతో, ‘ది బ్రదర్ ఫ్రమ్ అనదర్ ప్లానెట్’ అని ఒక చిత్రం తీశారు. మరో గ్రహంలో బానిసగా ఉండి పారిపోయినవాడు న్యూయార్కులో నీగ్రోలు ఉండే హార్లెం పేటలో తేలుతాడు. వాడి చర్మం కూడా నలుపే గనుక ఎవరికీ అనుమానం రాదు. పాదాలకు మూడేసి వేళ్ళు. బూట్లు వేసుకుంటే అదీ తెలియదు. నోట మాట లేదు. చెయ్యి తాకితే పాడైన యంత్రం నడుస్తుంది. ఒక చిన్న సారాకొట్టులో కూర్చున్నవాళ్ళు వీడెవడని కాసేపు తర్కించుకుంటారు. మూగవాడంటారు, పిచ్చివాడంటారు. తరువాత ఉండటానికి ఒక గది చూస్తారు, ఆటయంత్రాలు బాగుచేసే చోట పని చూస్తారు. భాష రాదు, పని వచ్చు, అద్దెగది, సాయంత్రం నలుగురు కూర్చునే ఒక చోటు. మన వీధుల్లో పెట్టెలు పట్టుకుని దిగే కుర్రవాళ్ళను చూసినవారికి ఈ కథ వేరే చెప్పనక్కరలేదు. వాణ్ణి తిరిగి పట్టుకుపోవటానికి నల్లదుస్తుల్లో ఇద్దరు తెల్లవాళ్ళు వస్తారు, వారూ పరలోకవాసులే. కొట్టులో కూర్చునేవాళ్ళు వారికి సమాధానం చెప్పరు. చివరకు ఆ పేటలోనే మెలుగుతున్న తనవంటి వేషధారులు ఇంకా కొందరు బయటకు వచ్చి వాడి చుట్టూ నిలబడతారు. అన్నాళ్ళు పక్కన తిరుగుతున్నా వాడికి వాళ్ళెవరో తెలియదు.

కవులు తొందరపడుతున్నారు. సెలవు.